శిథిలాల్లో దొరికిన గంట



మొన్న ఆదివారం గుడి గంట తాడు తెగింది కదా. గంట మోగలేదని సగం మంది ఆలస్యంగా వచ్చారు. అప్పటినుండి నాకు నాగసాకి గంటే గుర్తుకొస్తోంది.

జపానులోని నాగసాకిలో ఉరకామి అనే చోటు ఉంది. అక్కడి క్రైస్తవులు సుమారు 250 ఏళ్లు బోధకుడంటూ లేకుండా, రహస్యంగా విశ్వాసం కాపాడుకున్నారు. ప్రభువు బొమ్మను కాలితో తొక్కమని అధికారులు ఏటా పిలిపించేవారు. నిషేధం పోయాక, ఏ గ్రామాధికారి ఇంట్లో తమచేత తొక్కించారో ఆ స్థలాన్నే కొని దేవాలయం మొదలుపెట్టారు. 1895లో మొదలైతే 1914కి గానీ పూర్తికాలేదు. (మన శ్లాబుకు ఏడేళ్లు పట్టిందని ఎంత సణిగామో!) వారు ఆర్‌సీఎం వాళ్లు కదా అయ్యగారూ అంటారేమో, అననివ్వండి.

1945 ఆగస్టు 9, ఉదయం 11:02. కొందరు పాపాలు ఒప్పుకోవడానికి గుడికి వచ్చి ఉన్నారు. అర కిలోమీటరు దూరంలో అణుబాంబు పేలింది. లోపలున్నవారు ఒక్కరూ మిగలలేదు. ఆ విచారణలోని 12,000 మందిలో సుమారు 8,500 మంది చనిపోయారు. బాంబు వేసిన దేశం వారూ ఆదివారం గుడికి వెళ్లేవారే. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

రెండు గంటల్లో ఒకటి పగిలిపోయింది, ఒకటి శిథిలాల్లో బాగానే దొరికింది. ఆ ఏడు క్రిస్మస్ ముందు రాత్రి దాన్ని కట్టి మోగించారు. 1959లో గుడి మళ్లీ కట్టినా రెండో గంట చోటు ఖాళీగానే ఉండిపోయింది. 2025లో అమెరికా విశ్వాసులు చందాలు వేసుకొని ఆ గంట చేయించి ఇచ్చారు. ఆ పని తలకెత్తుకున్న ప్రొఫెసరుగారి తాత, అణుబాంబు తయారుచేసిన చోట డాక్టరుగా పనిచేసినవాడు. ఆగస్టు 9న, సరిగ్గా 11:02కి, రెండూ కలిసి మోగాయి.

మత్తయి 5:23, 24 మీద మీకు ఎన్నిసార్లు ప్రసంగించానో. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి మా అన్నయ్యతో 9 ఏళ్లుగా నాకు మాటల్లేవు. మీలో చాలామందికి తెలుసు, మర్యాదకొద్దీ అడగరు.

గంటకు కొత్త తాడు కొనాలి. ఆ కొట్టు మా అన్నయ్య ఉండే ఊళ్లోనే, వాళ్లింటికి నాలుగిళ్ల అవతల. శనివారం వెళుతున్నాను. ప్రార్థన చేయండి.