పచ్చగడ్డి వచ్చాక పోయిన మంద

నెల్లూరు జిల్లా అంటే అందరికీ పెన్నా నది, వరి మళ్ళు గుర్తొస్తాయి. మా సీతారామపురం కూడా ఆ జిల్లాలోదే గానీ మాది మెట్ట. పడమట వెలిగొండలు, వాటి అవతల కడప జిల్లా. దసరా దాటాక ఈశాన్యపు వాన పడితేనే మా చెరువులకు నీళ్ళు. 2016లో అది ఎగ్గొట్టింది. మరుసటేడు అంతంత మాత్రం. 2018లో మళ్ళీ మొండిచెయ్యి. నేను చెప్పేది ఆ కరువు గురించి, దాని వెనకాలే వచ్చిన వాన గురించి.

మావి జుడిపి గొర్రెలు. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ మూతి మీదా నలుపు, పొడుగు కాళ్ళు. నెల్లూరు జాతిలో జుడిపి, పల్ల, దోర అని మూడు రకాలు. దేశంలో ఇంత ఎత్తు గొర్రె మరొకటి లేదంటారు. ఎండకు ఓర్చుకుంటాయి, ఎంత దూరమైనా నడుస్తాయి. అయినా పెద్ద జీవానికి రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత పడాల్సిందే. 2019 సంక్రాంతికే కొండ దిగువన గరిక వేళ్ళతో సహా పోయింది. మేక తలెత్తి బలుసాకో తుమ్మాకో అందుకుంటుంది. గొర్రె నేలకు మూతి ఆనించి కొరుకుతుంది. నేలమీద ఏమీ లేకపోతే ముందు కూలబడేది గొర్రే.

మా నాయన కాలంలో ఒక కట్టుబాటు ఉండేది. తొలకరి పడ్డాక కొండకు ఒక వాలు వదిలేసేవాళ్ళు. గడ్డి కంకి వేసి గింజ రాలేదాకా ఎవరి మందా దాన్ని తొక్కకూడదు. కాగితం లేదు, సంతకం లేదు. ముందుగా మంద ఎక్కించినవాణ్ణి రచ్చబండ దగ్గర నిలబెట్టి అడిగేవాళ్ళు, అంతే. తర్వాత గయాలు (బంజరు) భూములు కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని తోటలయ్యాయి. మిగిలినదాన్ని చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, కమ్మేసింది. దాని కాయ జీవాలు ఇష్టంగా తింటాయి. గింజ అరగకుండా పెంటలో పడి, మంద నడిచిన దారంతా మొలుస్తుంది. నేల తగ్గింది, మందలు పెరిగాయి. ఇక వాలు వదలమంటే వినేదెవరు?

మాఘంలో వలస కట్టాం. ఉదయగిరి దుర్గం పక్కగా, వింజమూరు మీదుగా, ఆత్మకూరు, సంగం దాటి బుచ్చిరెడ్డిపాళెం వైపు. దారిలో పచ్చగా కనిపించిన చేలన్నీ పొగాకే. ఆకలితో ఉన్న గొర్రె కూడా దాన్ని మూతితో ముట్టదు. చూలు జీవాలు దారిలోనే ఈసుకుపోయాయి. ఈనినవాటికి పాలు లేవు. పిల్ల పొదుగు కిందికి వస్తే తల్లి కాలితో తోసేసేది. మా ఆడవాళ్ళు అలాంటి పిల్లల్ని చీరె మడతలో కట్టుకుని నడిచారు. టీకొట్ల దగ్గర పాలు కొని సీసాతో పట్టారు. దళారులకు మా సంగతి తెలుసు. తెల్లారేసరికి ట్రాలీ ఆటోలతో మంద దగ్గరికి వచ్చి, అడిగిన ధరను సగానికి కోసేవాళ్ళు. ఇవ్వక ఏం చేస్తాం, సాయంత్రానికి ఆ జీవం ఉంటుందో ఉండదో.

పెన్నా డెల్టాలో కోతలైన మళ్ళు దొరికాయి. ఎడగారు పంటకు నీళ్ళు వదలని చోట మంద కట్టుకుని మేపాం. నీళ్ళు రాకపోవడం రైతుకు నష్టం, అదే మాకు మేత. మంద ఎరువు కోసం రైతులు రాత్రికింత అని డబ్బో బియ్యమో ఇచ్చారు. కాలవ పక్క తడినేలలో గిట్టలు మెత్తబడి కొన్ని కుంటాయి. అయినా వేసవి గట్టెక్కాం. మాకు పీడ విరగడైందనుకున్నాం.

2019లో వాన కురిసింది, ఊరికి తిరిగొచ్చాం. కొండ పచ్చబడింది. ఎండుగడ్డి నమిలి నమిలి ఉన్న జీవాలు లేతగడ్డి మీద పడ్డాయి. తెల్లారి చూస్తే దొడ్లో బాగా కండపట్టినవే పొట్ట ఉబ్బి పడి ఉన్నాయి. చిటుక రోగం. రాత్రి మేసి పడుకున్నది పొద్దున్నకు లేవదు. దానికి టీకా ఉంది, వానలకు ముందే వేయించాలి. ఊళ్ళో టీకాలు వేసినప్పుడు మేం సంగం దగ్గర మళ్ళల్లో ఉన్నాం. ఊళ్ళో లేని మందకు టీకా ఎవరు వేస్తారు?

కార్తీకంలో నీలినాలుక వచ్చింది. దోమకంటే చిన్న ఈగ కుట్టి అంటిస్తుంది. జ్వరం, మూతి వాపు, ముక్కు వెంట చీమిడి, నోరంతా పుండ్లు. గిట్టల పైన ఎర్రగా వాచి అడుగు వేయలేవు. ఆకలి ఉంటుంది, గడ్డి ముందే ఉంటుంది, కొరకలేవు. పొటాషియం పర్మాంగనేటు కలిపిన గులాబీరంగు నీళ్ళతో ఒక్కోదాని నోరు కడిగి, చిగుళ్ళకు బోరోగ్లిజరిన్ రాసి, పల్చటి రాగిజావ తాగించాం. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు పోయాలి. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది. మా ఆవిడా నేనూ రాత్రి లాంతరు పెట్టుకుని ఇదే పని. కరువులో అమ్ముకున్నవాటికి నాలుగు డబ్బులైనా వచ్చాయి. వీటిని గోతిలో వేసి సున్నం చల్లాం. కరువు తిన్నదానికంటే పచ్చగడ్డి వచ్చాక పోయినవే ఎక్కువ.

ఇప్పుడు కొన్ని మందలవాళ్ళం కలిసి నాయన కాలంలోలా కొండకు ఒక వాలు మళ్ళీ వదులుతున్నాం. సంక్రాంతి కాగానే కొండ చూసి, మేత ఎన్నాళ్ళు వస్తుందో లెక్కేసి, ధర ఉండగానే పొట్టేళ్ళను తీసేస్తున్నాం. మంద పెద్దదైతే గొప్ప అనే మాట మా ఇంట్లో ఎవరూ అనడం లేదు. ఎండాకాలంలో తుమ్మకాయలు ఏరి దాస్తున్నాం. 2022 నుంచి 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తోంది, అదొక మేలు.

ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2006 అటవీహక్కుల చట్టంలో మేపుకునే హక్కు మాట కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ళ, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. మేము అడిగేది రెండే. మెట్ట మండలాల్లో మిగిలిన మేత పోరంబోకులను కొలిచి హద్దురాళ్ళు పాతించండి. టీకాల లెక్క ఊరి పేరు మీద కాకుండా మంద పేరు మీద రాసి, మేం ఏ మళ్ళలో ఉంటే అక్కడికే వచ్చి వేయండి.