అవ్వ ఉప్మా మీద ఎర్ర సాసు

మాది హోసూరు. మా అవ్వకు కారం లేనిదే ముద్ద దిగదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిగడ్డ రోట్లో నూరి దోసె మీద పూసే ఎర్రకారం ఆమె చేస్తే వీధంతా వాసనే. అలాంటి అవ్వకు పోయిన సంవత్సరం బీపీ అని తేలింది. ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టరు. అమ్మ ఊరగాయ జాడీ, అప్పడాల డబ్బా అటక మీద పెట్టేసింది.

నాలుగో రోజు పొద్దున చప్పిడి ఉప్మా ముందు కూర్చుని అవ్వ "ఇదీ ఒక కూడేనా?" అనింది. నాకు జాలేసింది. నూడుల్స్‌లో వేసుకునే చిల్లీ సాసు సీసా తెచ్చి, అమ్మ చూడకుండా ఉప్మా మీద పోసినాను. కారమే కదా, ఉప్పు కాదు కదా అనుకున్నాను. అవ్వ ముఖం వెలిగింది. అప్పట్నుంచి రోజూ అదే పని.

నెల తర్వాత చూపిస్తే బీపీ ఏమీ దిగలేదు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని నాయన అవ్వను కోప్పడినాడు. ఆమె నావైపు చూసింది గానీ నోరు తెరవలేదు.

ఆ రాత్రి సీసా వెనక చిన్న అక్షరాలు చదివాను. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రాయాలని నియమం. మొదట నీళ్లు, తర్వాత చక్కెర, మూడోది మిరప, ఆ వెంటనే ఉప్పు! కింద సోడియం అని వేరే అంకె. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూను కన్నా తక్కువ, అన్ని వంటల్లోనూ కలిపి. సాసు ఒక చెంచా అయితే ఏమోగానీ, నేను పోసింది చెంచాతో కాదు.

పాపం మిరపకాయది కాదు. అందులోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, అంతే. నిజంగా ఏదీ కాలదు. ఈ సంగతి కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పచ్చిమిరపలో విటమిన్ సి కూడా బాగా ఉంటుంది. (కడుపులో మంట ఉన్నవాళ్లు మాత్రం తగ్గించుకోవాలి, మా నాయన లాగా.)

ఇప్పుడు అవ్వ మళ్లీ ఎర్రకారమే నూరుతుంది, చిటికెడు ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి. డాక్టరు సరే అన్నారు. బీపీ కొంచెం దిగింది. సాసు మానినందుకా, మాత్ర మార్చినందుకా నేను చెప్పలేను. ఉప్మా సంగతి మా ఇద్దరికే తెలుసు. ఈ పత్రిక ఇంటికి వస్తే మొదట చదివేది అమ్మే.