మూటల తగాదా

పిల్లలూ! పెళ్లివారింట్లో ఇలాంటి తగాదా మీరు చూసే ఉంటారు. "ఆయన వస్తే నేను రాను" అంటాడొక పెద్దమనిషి. "ఆయన లేనిదే నేను విస్తరి ముందు కూర్చోను" అంటాడు మరొకాయన. నడుమ పెళ్లికూతురి తండ్రి తల పట్టుకుంటాడు. సరిగ్గా అలాంటి తగాదా మా ఇంటి కంప్యూటరులో వచ్చింది. తప్పు నాదే లెండి.

మా కంప్యూటరులో డెబియన్ అనే లినక్స్ ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టినది అది. అందులో ప్రతిదీ ఒక మూట. దాన్నే ప్యాకేజీ అంటారు. మూట మీద చీటీ ఉంటుంది: ఫలానా మూట నాకు తోడుండాలి, ఫలానా మూటతో నాకు పొసగదు అని. తెరమీద మీకు కనిపించే కిటికీలూ, బొమ్మలూ, పట్టీలూ అన్నీ కలిస్తే డెస్క్‌టాప్. మా డెస్క్‌టాప్ పేరు ప్లాస్మా. అది ఒక మూట కాదు, పెద్ద జట్టు. చీటీలు చదివి తగాదాలు తీర్చే పెద్దమనిషి పేరు ఆప్ట్.

2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. పాతదాంట్లో ప్లాస్మా 5.27, కొత్తదాంట్లో 6.3. ఒక ఆదివారం సాయంత్రం మార్చడానికి కూర్చున్నాను. ఆప్ట్ చాంతాడంత జాబితా చూపి "సరేనా?" అని అడిగాడు. నేను చదవకుండానే సరే అన్నాను. అందులో "తీసివేసేవి" అని ఒక వరుస ఉంది. ఆ వరుసలో ప్లాస్మా ఉంది!

కంప్యూటరు మళ్లీ పెట్టేసరికి నల్లని తెర, తెల్లని అక్షరాలు, అంతే. మా అమ్మాయి మర్నాడు బడిలో ఇవ్వవలసిన కథ అందులోనే ఉంది. పది రోజులు కూర్చుని రాసింది, పాపం.

"నాన్నా, నా కథ పోయిందా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ నల్లని తెరమీదే పేరూ, రహస్యపదమూ కొట్టి వెతికాను. కథ ఉంది! ఆప్ట్ మూటలు తీస్తాడే గాని, మనం రాసుకున్న వాటి జోలికి రాడు.

మరి తగాదా ఎక్కడ? ఏ మూట ఎక్కడినుంచి వచ్చిందో ఆప్ట్‌నే అడిగాను. చెప్పాడు. కొన్నాళ్ల కిందట బొమ్మలు వేసే ప్రోగ్రాము కోసం నేను బయటినుంచి క్యూట్ అనే మూటలు తెచ్చాను. ప్లాస్మా నిలబడేది క్యూట్ మీదే. నేను తెచ్చింది డెబియన్‌వారి దానికంటె కొత్తది. "కొత్తదైతే మంచిదేగా?" అంటారు మీరు. కాదు! ప్లాస్మాలో కొన్ని మూటలకు 6.8.2 కావాలంటే 6.8.2యే కావాలి. మనం అడగనిదే ఆప్ట్ కొత్తది తీసి పాతది పెట్టడు. అందుకని ప్లాస్మానే సాగనంపాడు. బయటి మూటలు ముందుగా తీసెయ్యమని డెబియన్‌వారు రాసే ఉంచారు. ఆ సంగతి నేను చదివింది తర్వాత.

బయటి చోటు పేరు కొట్టేశాను. డెబియన్‌వారి క్యూట్‌నూ, దానితో ప్లాస్మానూ పెట్టమని అడిగాను. ఈసారి ముందు ఉత్తుత్తిగా చేసి చూపమన్నాను. ఆప్ట్‌కు అదీ వచ్చు. మా అమ్మాయి పక్కన నిలబడి జాబితాలో ప్రతి పేరూ పైకి చదివింది. "తీసివేసేవి" వరుసలో నా బొమ్మల ప్రోగ్రాము ఒక్కటే ఉంది. అప్పుడు సరే అన్నాం.

రాత్రి పదకొండు గంటలకు తెర వెలిగింది. మా అమ్మాయి కథ తెరిచి, చివరి వాక్యం చూసి, "ఇది బాగులేదు, నాన్నా!" అని మళ్లీ రాయడం మొదలుపెట్టింది.