మందిరం చుట్టూ నాటిన గన్నేరు



పోయిన వారం టెక్సాస్‌లో ఉంటున్న మన సంఘపు బిడ్డ ఒకామె ఫోన్ చేసింది. కొడుకు పుట్టినరోజుకు తాబేలు పిల్లను కొన్నారట. సల్కాటా అనే ఆఫ్రికా జాతి మెట్ట తాబేలు. "అయ్యగారూ, మా పెరట్లో మందారం ఉంది, గన్నేరు ఉంది. దాన్ని అక్కడ వదిలితే ఏమీ కాదు కదా? మీ ఇంట్లోనూ ఒకప్పుడు తాబేలు ఉండేదిగా" అంది. మాకు కాస్త సిగ్గనిపించింది. ఆ తాబేలు సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఈ రోజు రాస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మాట. తొలకరి పడి వేరుశనగ విత్తే రోజులు. సంఘపు యువకుడొకడు తువ్వాలులో చుట్టి ఒక నక్షత్ర తాబేలును తెచ్చాడు. "బండ్ల బాటలో అడ్డంగా పోతా ఉంది అయ్యగారూ, ట్రాక్టరు కింద పడుతుందని ఎత్తుకొచ్చినా" అన్నాడు. నల్లని చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉన్నాయి. మా ఇంట్లో అందరికీ ముచ్చటేసింది. ఉంచేసుకున్నాము. సండే స్కూల్ పిల్లలకైతే పండుగే.

ప్రేమగా అన్నం పెట్టాము, బిస్కెట్లు పెట్టాము, పాలు కూడా పోశాము. అది ముట్టలేదు. మూడో రోజు సాయంత్రం ఆరేళ్ల పాప ఒకతి గౌను ఒడి నిండా పూలూ ఆకులూ కోసుకొచ్చింది. మందిరం ప్రహరీ వెంట మేమే నాటిన గన్నేరు. ఎర్రని పూలు చూసి తాబేలు మెడ చాచింది. పాప చప్పట్లు కొట్టింది. మేమూ సంతోషించాము, ఇప్పటికైనా తింటోందని.

అంతలో కట్టెలమోపుతో పోతున్న అవ్వ ఒకామె మోపు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. తాబేలు నోటి ముందున్నవన్నీ ఊడ్చి పారేసింది. పాప చేతులు కడిగించింది. తరువాత మా వైపు తిరిగింది.

"అయ్యా, ఈ చెట్లు గుడి చుట్టూ ఎందుకు నాటించినారు?"

"మేకలు తినవని, అవ్వా."

"మేకలు ఎందుకు తినవో ఎప్పుడన్నా తలచినారా?"

మా దగ్గర జవాబు లేదు. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఎండినా ఆ విషం పోదు. గుండె లయను దెబ్బ తీస్తుంది. ఆ చెట్టు నీడలోనే మేము పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పాము.

ఆ అవ్వ నలభై ఏళ్లు కొండల్లో మేకలు కాసిన మనిషి. అక్కడ ఈ తాబేళ్లు రాలిన నాగజెముడు పండ్లు తిని మూతి ఎర్రగా చేసుకోవడం, వాన తరువాత లేత గరిక కొరకడం కళ్లారా చూసింది. మరునాడు పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయనా అదే దారిలో చెప్పారు. మెట్ట తాబేలుకు పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ ఉన్న మేత కావాలి. కాల్షియం కావాలి. అన్నం, బిస్కెట్లు, పాలు దానికి మేలు చేయవు.

టెక్సాస్ బిడ్డకు చెప్పినదే మీకూ చెబుతున్నాము. సల్కాటాకు రోజువారీ మేత గడ్డే. గరిక లాంటి పచ్చగడ్డి, ఎండుగడ్డి. దానికి తోడు మందారం ఆకులూ పూలూ, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు పెట్టవచ్చు. ఈ నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండమే గనుక అక్కడా దొరుకుతుంది. గులాబీ రేకులు కూడా ఫరవాలేదు, మందు కొట్టనివైతే. పాలకూర, గంగవావిలి కూర ఎప్పుడో ఒకసారి కొంచెమే. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

పెట్టకూడనివి: గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, లాంటానా. పాలు కారే కాడజెముడును చూసి ఇదీ జెముడే కదా అని పెట్టకండి. కుండీల్లో పెంచే మనీ ప్లాంటు, డైఫెన్‌బాకియా నోటిని మంట పుట్టిస్తాయి. టమాటా పండు సరే గాని దాని ఆకు వద్దు. పేరు తెలియని మొక్క ఏదైనా పెట్టవద్దు. మేక తిన్నది తాబేలుకు మంచిదని కూడా అనుకోవద్దు.

డాక్టరు గారు చివరన ఇంకో మాట అన్నారు. "పాస్టరు గారూ, అసలు దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం." 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నక్షత్ర తాబేలును పెంచుకోనివ్వదు. అదృష్టం తెస్తుందనే నమ్మకంతో, పెంపకం సరదాతో వీటిని దొంగచాటుగా అమ్ముకుంటున్నారు గనుకనే 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. తెచ్చిన అబ్బాయి కేసు పెడతారేమోనని భయపడ్డాడు. ఉంచుకున్నది మేము, కాబట్టి మేమే అటవీశాఖ వాళ్ల దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాము. ఎక్కడ దొరికిందో అడిగి రాసుకుని తీసుకువెళ్లారు. ఆ ఆదివారం ఆరాధనలో సంఘం ముందూ ఒప్పుకున్నాము. పిల్లలు ఏడ్చారు.

రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం తెరిచి చూడండి. కరువు రోజుల్లో ఎలీషా శిష్యులకు వంట చేయడానికి ఒకడు పొలానికి వెళ్లి, తెలియని తీగె కాయలను ఒడి నిండా తెచ్చి కుండలో తరిగేశాడు. అతడు ద్రోహి కాడు, ఆకలిగా ఉన్నవారికి పెట్టాలనుకున్నవాడు. మా పాప ఒడిలోనూ ప్రేమే ఉంది. కాని ఎవరికి పెడుతున్నామో వారికి ఏది ఆహారమో తెలుసుకోని ప్రేమ కుండలోకి చావును తేగలదు. బిడ్డలను పెంచేవారూ, వాక్యం చెప్పే మేమూ ముందు అడిగి తెలుసుకోవాలి. అడగవలసిన మనిషి ఒక్కోసారి కట్టెలమోపుతో మన గేటు ముందు నుంచే పోతూ ఉంటుంది.

ఆ వారమే గన్నేరు తీసేయించాము. పొగ కూడా విషమేనని డాక్టరు గారు చెప్పినందున కాల్చక గుంట తీసి పూడ్చాము. ఆ చోట మందారాలు నాటాము. సగం మేకలు తినేశాయి. కంచె వేసి మళ్లీ నాటాము. ఇప్పుడు బాగా పూస్తున్నాయి, వచ్చినప్పుడు చూడండి.

ప్రభువు మీ ఇంటినీ, మీ పెరటినీ, మీ చేతి కింద బ్రతికే ప్రతి ప్రాణినీ కాపాడును గాక. ఆమేన్.