ఏసీ బజారు జాతకం

సికింద్రాబాద్‌లో మెట్రో రైలు ప్యారడైజ్ స్టేషన్లో ఆగగానే సగంమందికి బిర్యానీ గుర్తొస్తుంది. తప్పులేదు లెండి! కానీ ఆ పేరు అసలు ఓ సినిమాహాలుది. 1953లో ఆ హాల్లో చిన్న క్యాంటీనుగా మొదలైందే ఇప్పటి హోటలు. హాలు పోయింది, పేరు మాత్రం చౌరస్తాకీ స్టేషనుకీ దక్కింది. ఇంగ్లీషు సినిమాలకి కుర్రకారు ఎగబడిన సంగీత్ థియేటరూ ఇప్పుడు లేదు. సినిమా ఎక్కడంటే ‘మాల్లో’ అనే రోజులొచ్చాయి.

ఇంతకీ ఈ మాల్ అనే తార పుట్టిల్లు ఎక్కడ? అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, ఈడైనా అనే ఊరు. 1956లో అక్కడ సౌత్‌డేల్ సెంటర్ తెరిచారు. బయట మంచు కురుస్తున్నా లోపల ఎప్పుడూ వసంతమే! దీని రూపశిల్పి విక్టర్ గ్రూయెన్. నాజీల బారినుంచి తప్పించుకుని 1938లో వియన్నా వదిలి వచ్చినవాడు. కార్లలో తిరిగే జనాన్ని కిందికి దించి, తన ఊరి వీధుల్లోలాగా నడిపించాలని ఆయన ముచ్చట. చుట్టూ ఇళ్ళూ, బళ్ళూ, ఆస్పత్రీ రావాలన్నాడు. తీరా చూస్తే వచ్చింది కార్లు నిలుపుకునే మైదానం! వ్యాపారులు దుకాణాలు ఉంచుకుని మిగతా కథంతా కత్తిరించేశారు. ఆ మాల్సుతో తనకే సంబంధమూ లేదని 1978లో ఆయనే తెగేసి చెప్పాడు.

1954లో అక్కడి పన్ను చట్టం మారి, కొత్త కట్టడాలమీద తరుగుదల తొందరగా రాసుకునే వీలు కలిగింది. ఇంకేం, కొనేవాళ్ళు చాలినంతమంది ఉన్నారో లేదో చూడకుండానే మాల్సు లేచాయి. ఒక కొత్త మాల్ పక్క మాల్‌ని మింగేసింది. తర్వాత ఇంటర్నెట్ బేరం వచ్చిపడింది. ఒహాయోలోని రాండల్ పార్క్ మాల్ 1976లో ఎంతో అట్టహాసంగా తెరుచుకుంది. ఇప్పుడా స్థలంలో ఉన్నది అమెజాన్ గోడౌను.

సినిమావాళ్ళు ఊరుకుంటారా? 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’లో శవాలు లేచి, బతికున్నప్పటి అలవాటుకొద్దీ మాల్‌కే వస్తాయి! 1980లో వచ్చిన ‘ద బ్లూస్ బ్రదర్స్’లో కార్లు మాల్లోకి దూసుకెళ్ళే ఘట్టం సెట్టింగు కాదు. షికాగో దగ్గర 1978లో మూతబడిన డిక్సీ స్క్వేర్ మాల్‌లో మళ్ళీ కొట్లు అలంకరించి, వాటినే ధ్వంసం చేశారు. షూటింగు అయ్యాక ఆ మాల్ మరి తెరుచుకోలేదు. 2012లో కూల్చేశారు.

మన జంటనగరాల్లో మాల్సు హవా ఈ శతాబ్దంలోది. 2003లో ప్రసాద్స్ ఐమాక్స్, 2004లో పంజాగుట్టలో హైదరాబాద్ సెంట్రల్, 2009లో మాదాపూర్‌లో ఇనార్బిట్. అన్నీ హుస్సేన్‌సాగర్‌కి అవతలివైపే తళుక్కుమన్నాయి. సికింద్రాబాద్‌కి తన జనరల్ బజారే చాలు. ఆ సందుల్లో ఏసీ లేదు, స్కూటరు పెట్టడానికి చోటూ లేదు. అయినా పెళ్ళిళ్ళ రోజుల్లో చీరలకీ, నగలకీ వచ్చేవాళ్ళని చూడాలి, భుజం భుజం రాసుకోవలసిందే! బేరమాడే సరదా ధర చీటీ అంటించిన మాల్లో ఎక్కడిది?

నడుమ మరో తరహా ఉంది. కింద కొట్లు, పైన ఆఫీసులు ఉండే కాంప్లెక్సులు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి కంప్యూటర్లు దశ తిప్పాయి. సీటీసీ అంటే తెలియని కుర్రాడుండడు. సరోజినీదేవి రోడ్డులోని స్వప్నలోక్‌కి మాత్రం చెడు ఘడియ వచ్చింది. 2023 మార్చి 16 సాయంత్రం మంటలు లేచి, పై అంతస్తులో పని చేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. బతుకుతెరువుకి జిల్లాలనుంచి వచ్చిన పిల్లలు. మన ఈడువాళ్ళే.

పాత హాల్లో ఇంటర్వెల్ గంట మోగితే పక్క తలుపులు తీసేవారు, నేరుగా ఆవరణలోకి పడేవాళ్ళం. మాల్లో అయిదో అంతస్తులో తెరముందు కూర్చున్నప్పుడు మెట్లు ఎటున్నాయో ఎంతమంది చూస్తున్నారు? ఈసారి పాప్‌కార్న్ కొనేముందు ఓసారి చూడండి.