రాయికల్‌లో విన్న రెండో సగం

జగిత్యాలలో రాయికల్ బస్సెక్కి కిటికీ పక్క సీటు సంపాదించడమంటే చిన్న దిగ్విజయమే. అంత సాహసం చేసి నేను వెళ్ళింది ఒక పాత శిష్యుణ్ణి చూడడానికి. డిగ్రీ చదివి దుబాయి వెళ్ళినవాడు రెండేళ్ళకు సెలవుమీద వచ్చాడు. "సార్, ఒక్కసారి మా ఇంటికి రావాలె" అని ఫోను చేశాడు.

వెళ్ళడానికి కొంచెం తటపటాయించిన మాట నిజం. అందుకు కారణం ఒక పాట.

అతను చదివే రోజుల్లో కాలేజీ వార్షికోత్సవానికి గిటారు పట్టుకొని 'ఊరెళ్ళిపోతా మామ' పాడాడు. అది చౌరస్తా అనే హైదరాబాదు బృందం పాట. అందులో పాడిన రామ్ మిరియాల గొంతును తరువాత 2021లో 'జాతిరత్నాలు' చిత్రంలోని 'చిట్టి' పాటలోనూ, మరుసటి ఏడు 'డీజే టిల్లు'లోనూ మీ పిల్లలు వినే వుంటారు. మీరూ తప్పించుకొని వుండరు. బాణీ ఏమో రెగె. జమైకా ద్వీపంలో 1960ల చివర పుట్టింది. గిటారు దెబ్బ మనం ఎదురుచూచే చోట పడదు, పక్కన పడుతుంది. 2018లో యునెస్కో ఆ సంగీతాన్ని మానవాళి వారసత్వాల్లో చేర్చుకొన్నది. నేను మాత్రం మా కాలేజీ వేదికమీద చేర్చుకోలేకపోయాను. సగం పాటకే లేచి వచ్చేశాను. "గిటారు మీటుతూ ఊరిమీద బెంగ పెట్టుకొంటే అది పల్లెపాట అయిపోదు" అని మర్నాడు క్లాసులో అన్నాను కూడా. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

దారి పొడుగునా వరి మళ్ళు, మామిడి తోటలు. రాయికల్ 2016 దాకా కరీంనగర్ జిల్లాలో వుండేది. 2018లో మునిసిపాలిటీ అయింది. కాకతీయులనాటి త్రికూటాలయం చూపించాడు శిష్యుడు. అయితే నా కళ్ళు గుడికన్నా ఇళ్ళమీదనే ఎక్కువ నిలిచాయి. పెంకుటిళ్ళ నడుమ రంగురంగుల కొత్త మేడలు, చాలావాటికి తాళాలు. "అది మస్కట్‌ది సార్, ఇది సౌదీది" అని, ఇళ్ళవారి పేర్లు వదిలి దేశాల పేర్లే చెప్పుకొంటూ నడిచాడు.

ఇంట్లో వాళ్ళమ్మ చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం - ఆమె వేళ్ళు ఇవన్నీ ఆమె చూపుతో పని లేకుండానే చేస్తున్నాయి. టీ తాగుతుంటే ఆమే అన్నది: "ఆ మామ పాట పెట్టురా."

నాకు గుటక పడలేదు.

ఫోనులో పాట మొదలైంది. ఊళ్ళో ఏమేమి వున్నాయో చెప్పే ఆ మొదటి సగం నాకు తెలిసిందే. అక్కడే కదా నేను లేచివచ్చింది! ఆ తరువాత ఒక ప్రశ్న వచ్చింది: ఊరు అంత బాగుంటే విడిచి ఎందుకు వచ్చావు? దానికి సమాధానం వానలు లేకపోవడం, వాగులు ఎండడం, బతుకు సాగకపోవడం. ఇలా ప్రశ్నకు జవాబుగా కథ నడపడం మన ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడుకొన్న పద్ధతే. జానపద సాహిత్యం పాఠం చెప్పే నాకు గిటారు వినిపించింది గాని, ఆ ప్రశ్న వినిపించలేదు.

"వాళ్ళ నాయిన గూడ గట్లనే పోయిండు సార్, బొంబాయికి," అన్నదామె చాటలోంచి తల ఎత్తకుండా. "గిప్పుడు వీడు."

"ఆనాడు మీరు సగంల లేచిపోయిండ్రు సార్," అన్నాడు శిష్యుడు. నిష్ఠూరంగా కాదు, నవ్వుతూనే. నేను తప్పయిందన్నాను. వాడు కంగారుపడి లోపలికి వెళ్ళి, అటకమీది గిటారు దింపి తెచ్చాడు. ఒక తీగె తెగివున్నది.

"ఇంకెన్ని రోజులు సెలవు?"

"పదకొండు రోజులు సార్."

ఉన్న తీగెలతోనే పాడాడు, మొదటినుంచి చివరిదాకా. వీధిపిల్లలు గుమ్మం దగ్గర చేరి మళ్ళీ పాడించారు. జగిత్యాల ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు వాకిట్లోనే మంచం వేశారు.