జాలీబాయ్ దీవిలో ఒక పూట

అండమాన్ అంటే మన పెద్దవాళ్ళకు ద్వీపాంతరవాసమే గుర్తుకు వస్తుంది. 1906లో కట్టడం పూర్తయిన సెల్యులర్ జైలును చూడడానికి ఈనాటికీ వేలమంది వెళ్తూ వుంటారు. మేమూ వెళ్ళాము, చూశాము. దాని గురించి ఇదివరకే ఎంతోమంది వ్రాశారు కనుక ఆ సంగతి వదిలి, ఆ ఊరికి దక్షిణాన వున్న ఒక చిన్న దీవి గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఆ దీవిలో ఇల్లు లేదు, హోటలు లేదు, దుకాణం లేదు. రాత్రి వుండనివ్వరు. అయినా ఈసారి ఇండియా ప్రయాణంలో మా పిల్లలు ఇక్కడికి తిరిగివచ్చిన తరువాత కూడా చెప్పుకుంటున్నది ఆ దీవి గురించే.

జనవరిలో మద్రాసు నుంచి విమానంలో వెళ్ళాము. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మద్రాసు, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలు కూడా వున్నాయి కాని వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. మనం పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊళ్ళో మాత్రం పాత పేరే ఎక్కువగా వినబడింది. అంతకన్నా మమ్మల్ని ఆశ్చర్యపరచినది తెలుగు. కూరగాయల బజారులో, చేపల బజారులో, ఆటో నడిపేవారి నోట ఎక్కడ చూసినా తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అందులో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చినవారి కుటుంబాలు చాలా వున్నాయి. సముద్రం దాటి బ్రతకడానికి వెళ్ళిన తెలుగువాళ్ళం మనమొక్కళ్ళమే కామన్నమాట.

మేము చూసిన దీవి పేరు జాలీబాయ్. మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులోని 15 దీవులలో ఇది ఒకటి. 1983లో ఏర్పాటయిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం నీళ్ళే. అడవికి కంచె వేసినట్లు సముద్రానికి కంచె వేయలేరు కదా. అందుకని నిబంధనలే కంచె. చేపలు పట్టకూడదు, పగడాలను తాకకూడదు, గవ్వ కూడా తీసుకురాకూడదు. 15 దీవులలో యాత్రికులను రానిచ్చేవి రెండే, జాలీబాయ్, రెడ్‌స్కిన్. ఆ రెండూ కూడా ఒకేసారి తెరవరు. ఇంచుమించు నవంబరు నుంచి మే దాకా జాలీబాయ్‌కి వెళ్ళవచ్చును. తక్కిన నెలల్లో అది మూసి రెడ్‌స్కిన్ తెరుస్తారు. పొలాన్ని ఒక పంటకాలం బీడు పెట్టినట్లు సముద్రాన్ని బీడు పెడతారన్నమాట.

పార్కుకు పడవలు బయలుదేరేది వండూరు అనే పల్లె నుంచి. ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరం. దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన విశాలమైన నీళ్ళు, వాటి మధ్య ఎండిపోయిన చెట్ల మోళ్ళు కనిపించాయి. చెరువేమో అనుకున్నాము. కాదు, అవి ఒకప్పటి పొలాలని కారు నడిపే అతను చెప్పాడు. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల ఇంచుమించు ఒక మీటరు కిందికి దిగిపోయింది. సునామీతో లోపలికి వచ్చిన సముద్రం అక్కడ తిరిగి వెనక్కు పోలేదు. అదే భూకంపంలో ఉత్తరాన వున్న నేల పైకి లేచి, నీటిలో వుండవలసిన పగడాల దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. ఒక అడుగు పైకో కిందికో జరిగితే బ్రతుకులు తారుమారయ్యే చోటుకు వెళ్తున్నామని ఆ దారిలోనే అర్థమయింది.

వండూరు రేవులో అటవీశాఖవారు అందరి సంచులు విప్పి చూశారు. ప్లాస్టిక్ అన్నది ఏదీ దీవికి వెళ్ళడానికి వీల్లేదు. నీళ్ళ సీసాలు, బిస్కెట్ల పొట్లాలు, పిల్లల చాక్లెట్ల కాగితాలు అన్నీ అక్కడే వదలాలి. నీళ్ళకోసం ఫ్లాస్కులు అద్దెకిస్తారు. ధరావతు కట్టి తీసుకోవాలి, తిరిగి తెస్తే డబ్బు వాపసు. మా అత్తగారు మాత్రం విజయగర్వంతో నిలబడ్డారు. ఆవిడ పులిహోర, దద్దోజనం స్టీలు క్యారియరులో సర్ది తెచ్చారు. "మీ డిస్పోజబుల్ సరుకు ఏదీ ఇక్కడ చెల్లలేదు చూశారా!" అన్నారు. మేమేమీ మాట్లాడలేదు.

పడవ మొదట మడ అడవుల మధ్య నుంచి సాగుతుంది. చెట్ల వేళ్ళు నీళ్ళలోకి కుర్చీ కాళ్ళలా దిగి వున్నాయి. ఈ ప్రాంతంలో ఉప్పునీటి మొసళ్ళు వున్నాయి, హెచ్చరిక పలకలు కూడా పెట్టారు కనుక అనుమతించిన చోట తప్ప నీళ్ళలో దిగడం మంచిది కాదు. ఇంచుమించు గంట తరువాత నీళ్ళు ఆకుపచ్చ నుంచి నీలంగా మారాయి. జాలీబాయ్‌కి రేవు లేదు. పెద్ద పడవ కొంత దూరంలో ఆగుతుంది. అక్కడి నుంచి అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లోకి మారి ఒడ్డుకు చేరాలి.

ఆ అద్దంలోంచి చూసినదే ఈ యాత్రకు ముఖ్యం. మా పడవ నడిపినాయన నలభై ఏళ్ళ మనిషి. మా మాటలు విని, "తెలుగోలా బాబూ?" అని అడిగాడు. వాళ్ళది సోంపేట వైపు. వాళ్ళ తాత ఓడెక్కి వచ్చాడట; ఈయన పుట్టింది అండమాన్‌లోనే. మా అబ్బాయి అద్దం కింద కనబడిన గుండ్రని బండను చూపించి ఆ రాయి ఏమిటని అడిగితే, "అది రాయి కాదు బాబూ, పేణమున్నాది" అన్నాడు.

అది పోరైటీస్ జాతి పగడం. మనం కుజదోషానికి వుంగరంలో పెట్టుకునే ఎర్ర పగడానికీ దీనికీ దూరపు చుట్టరికమే. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. ఇక్కడివి దిబ్బలు కట్టే పగడాలు. లక్షలాది చిన్న చిన్న జీవులు తమచుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకుంటూ పోతే ఆ బండ తయారవుతుంది. ఇటువంటి గుండ్రని పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషి ఎత్తు బండ కనబడిందంటే దాని వయస్సు నూటయాభై ఏళ్ళ పైమాటే. సెల్యులర్ జైలుకు పునాది తవ్వే నాటికే అది అక్కడ వుండి వుంటుంది. ఒక మనిషి కాలు మోపితే చెడిపోయేది కూడా అదే.

వైద్యవృత్తిలో వున్న మాకు పగడంతో మరో పరిచయం కూడా వుంది. దాని సున్నపు గూడులోని సన్నని రంధ్రాల అమరిక మన ఎముకను పోలి వుండడం వల్ల, పగడం నుంచి తయారుచేసిన పదార్థాన్ని ఎముక లోట్లు పూడ్చడానికి వాడుతూ వచ్చారు. రక్తపు కాన్సరుకు ఇచ్చే సైటరబిన్ అనే మందుకు మూలం 1950 ప్రాంతంలో కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరికిన పదార్థాలే. వార్డులో సీసా తగిలించేటప్పుడు ఇది సముద్రం నుంచి వచ్చిందని ఎవరికీ తోచదు.

తరువాత తాడుకట్టి హద్దు చేసిన నీళ్ళలో ముఖానికి అద్దం తగిలించుకొని దిగాము. నీలం, పసుపు చేపలు మా మోచేతుల పక్కనే తిరిగాయి. విషపు ముళ్ళున్న సముద్రపు పువ్వులలో నిర్భయంగా కాపురం చేసే నారింజ రంగు చేపలను మా అమ్మాయి సినిమాలో చూసి వుండడం వల్ల వెంటనే గుర్తుపట్టింది. చిలకచేపలు పగడాన్ని పటపట కొరికే శబ్దం నీళ్ళలో చక్కగా వినబడుతుంది. అవి కొరికి, నలిపి, విసర్జించిన పొడే ఒడ్డున మెరిసే తెల్లని ఇసకలో కొంత భాగం. ఈ సంగతి చెప్పాక పిల్లలు ఆ ఇసకతో గుడి కట్టడానికి కొంచెంసేపు సందేహించారు.

ఒడ్డున మా అబ్బాయికి నున్నని శంఖం లాంటి గుల్ల ఒకటి దొరికింది. దానిని జేబులో వేసుకోబోతుంటే అటవీశాఖ గార్డు చేయి చాచి తీసుకున్నాడు. మందలించలేదు. ఇసకమీద పెట్టి, చూస్తూ వుండమన్నాడు. ఒక నిమిషం తరువాత అందులోంచి నాలుగు సన్నని కాళ్ళు బయటికి వచ్చాయి, గుల్ల నడిచి వెళ్ళిపోయింది. అది సన్యాసి పీత. దానికి సొంత డొప్ప లేదు. ఖాళీ గుల్ల దొరికితేనే ఇల్లు. ఒడ్డున గుల్లలు ఏరుకుపోతే వాటికి ఇళ్ళు కరువవుతాయి. పగడాలను, పెద్ద ఆల్చిప్పలను, మరికొన్ని జాతుల గుల్లలను 2001లో భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానమైన పట్టికలో చేర్చారు. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేటప్పుడు వాటికోసం కూడా చూస్తారు. మా వాడికి చట్టం కంటె ఆ నాలుగు కాళ్ళే బాగా గుర్తున్నాయి.

ఇంత అందంలోనూ మనస్సుకు కష్టం కలిగించినది ఒకటి వుంది. అద్దం కింద కొన్నిచోట్ల కొమ్మల పగడాలు విరిగి, బూడిదరంగు పాచిపట్టి కుప్పలుగా పడివున్నాయి. పగడపు జీవి శరీరంలో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురం వుంటుంది. ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెట్టేది ఆ నాచే, రంగు ఇచ్చేదీ అదే. వేసవిలో వుండే వేడిమికంటె నీళ్ళు ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలపాటు వుంటే చాలు, పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లగా పాలిపోతుంది. అప్పటికి చచ్చిపోయినట్లు కాదు. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్ సముద్రంలో 1998లో, 2010లో, 2016లో ఇట్లా జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగవసారి పగడాలు పాలిపోతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇక్కడ రెండు రోగాలు వున్నాయి. ఒకటి గాయం. లంగరు తగలడం, కాళ్ళ కింద నలగడం, చెత్త పేరుకోవడం. దీనికి విశ్రాంతే మందు. దీవిని ఆరు నెలలు మూయడం సరైన చికిత్స. రెండవది జ్వరం. దానికి కారణం ఆ దీవిలో లేదు. ప్రపంచమంతా తగలబెట్టే బొగ్గు, నూనెలో వుంది. మనం వెళ్ళి వచ్చిన విమానాలూ, ఇంటికి రెండేసి కార్లూ అందులో చేరినవే. వండూరు గార్డు ఎంత శ్రద్ధగా సంచులు వెదికినా ఈ జ్వరాన్ని ఆపలేడు. అయితే గాయాలు మానిన రోగి జ్వరాన్ని తట్టుకున్నట్లు గాయాలతో తీసుకుంటున్న రోగి తట్టుకోలేడని ప్రతి వైద్యుడికీ తెలుసు. అందుకని మొదటి చికిత్స వృథా కాదు. రెండవదానిని ఎగవేయడానికి దానిని సాకుగా చెప్పుకోకూడదు, అంతే.

దీవిని మూయడం గురించి మా పడవాయనను అడిగాము. "మొదట్లో మాకూ కోపమొచ్చీది బాబూ. నోటికాడ కూడు తీసీసేరనుకున్నాం. ఇప్పుడలగనుకోం. అది బతికుంటేనే కదా ఎవలైనా చూడ్డానికొస్తారు" అన్నాడు. మూసిన నెలల్లో పడవ రెడ్‌స్కిన్‌కు నడుపుతాడట. వానాకాలంలో యాత్రికులు తక్కువ, రాబడీ తక్కువే. కొడుకు విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు. ఈ దేశంలో 1963లో ఫ్లోరిడా తీరాన జాన్ పెన్నెక్యాంప్ పగడాల పార్కు తెరిచారు. అక్కడికీ అద్దపు అడుగు పడవల మీద వెళ్ళవచ్చును, మనవాళ్ళు చాలామంది చూసేవుంటారు. అక్కడైనా ఇక్కడైనా నిబంధనల భారంలో కొంత ఇటువంటి కుటుంబాలే మోస్తాయన్న సంగతి టిక్కెట్టు కొనేటప్పుడు తలచుకోవలసినదే.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా వుంటుంది. పార్కుకు వెళ్ళడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. సోమవారం పార్కు సెలవు. విదేశీ పౌరసత్వం వున్నవారు అండమాన్ ప్రవేశ నిబంధనలు బయలుదేరే ముందే కనుక్కోవడం మంచిది. ఎండకు పూసుకునే క్రీముల్లో కొన్ని పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రంలో 2021 నుంచి వాటి అమ్మకం నిషేధించారు కనుక పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు తీసుకువెళ్ళండి. ఓడ పడనివారికి వాంతుల మాత్ర బయలుదేరడానికి అరగంట ముందు వేయాలి, పడవ వూగడం మొదలయ్యాక కాదు. భోజనం స్టీలు క్యారియరులో సర్దుకోండి.

ఇండియా వెళ్ళినప్పుడు బంధువుల ఇళ్ళు, గుళ్ళు, బట్టల కొట్లతోనే మన సెలవులు అయిపోతాయి. అందులో మూడు రోజులు మిగుల్చుకొని ఈ దీవులు చూసిరమ్మని మా మనవి. మూడు గంటలు మాత్రమే వుండనిస్తారు, ఏమీ తెచ్చుకోనివ్వరు. మా ఫ్లాస్కు ధరావతు మాత్రం సాయంత్రం రేవులో పైసలతో సహా తిరిగి ఇచ్చారు.